పద్దుకెక్కని చాకిరీ

ఆడవాళ్ల విషయంలో 'సమర్థురాలు' అంటే ఎవరో మనందరికీ తెలుసు. ఉన్నదాంట్లో సర్దుకుని, పదిమందికి వండిపెట్టి, ఇంట్లో ఫలానాది లేదన్న సంగతి బయటపడనీయని మనిషి. సాహిత్యంలో ఈ మాటను వెతుక్కుంటున్న నాకు, హైస్కూళ్లు వనరులను ఎంత 'సమర్థంగా' వాడుకుంటున్నాయో కొలిచే పరిశోధనల్లోనూ అదే మాట ఎదురైంది. అందుకే ఆగి చదివాను.

1978లో చార్న్స్, కూపర్, రోడ్స్ అనే ముగ్గురు అమెరికన్ పరిశోధకులు 'డేటా ఎన్వలప్‌మెంట్ ఎనాలిసిస్' అనే పద్ధతిని ప్రతిపాదించారు. బడి వాడుకునేవి ఒక పక్క: టీచర్లు, గదులు, ఖర్చు. బడి సాధించేవి మరో పక్క: మార్కులు, ఉత్తీర్ణత. అన్నే వనరులతో మరే బడీ అంతకుమించి సాధించలేదని తేలితే ఆ బడికి 1 వస్తుంది. వెనకబడినవాటికి అంతకన్నా తక్కువ. పదో తరగతి పాస్ శాతం చూసి బడులకు వరుస కట్టడం కన్నా ఇది న్యాయమే. నీ చేతిలో ఏముందని అడిగాకే, ఏం సాధించావని అడుగుతుంది.

1981లో ఆ ముగ్గురే దీన్ని అమెరికాలో పేదపిల్లల కోసం నడిచిన 'ఫాలో త్రూ' అనే ప్రాథమిక విద్యా కార్యక్రమానికి వర్తింపజేశారు. వనరుల జాబితాలో టీచర్ల సంఖ్యతో పాటు తల్లి చదువు కూడా ఉంది. పిల్లల చదువు విషయమై తల్లిదండ్రులు వాళ్లతో గడిపిన సమయమూ ఉంది. 1998లో ఫిన్లాండ్ హైస్కూళ్ల మీద కిర్యవైనెన్, లొయిక్కనెన్ చేసిన పరిశోధనలో తల్లిదండ్రుల చదువును కూడా లెక్కలో చేర్చేసరికి బడుల వరుసే చాలా మారిపోయింది.

అమ్మ చదువు లెక్కలోకి వచ్చినందుకు సంతోషించాను. అయితే వచ్చింది వనరుగా, బడి వాడుకునే సరుకుగా.

మా అమ్మ ఏడో తరగతితో ఆగిపోయింది. నేను పదిలో ఉన్నప్పుడు నాలుగున్నరకే లేచి, టీ పెట్టి, నా పక్కన కూర్చునేది. లెక్కలు చెప్పగలిగేది కాదు, నిద్రపోకుండా కాపలా కాసేది. అమ్మ చదువు తక్కువ కనక, నాకు వచ్చిన మార్కులు బడి సమర్థత కింద జమ అవుతాయి. బడిలో స్వీపరు లేడు. ఆడపిల్లలమే వంతులేసుకుని ఊడ్చేవాళ్లం, బోరింగు నీళ్లు మోసేవాళ్లం. జీతం ఖర్చు లేదు, గదులు శుభ్రం. ఈ లెక్కన మా బడి మహా సమర్థమైనది!

ఇది గడిచిపోయిన కథ కాదు. పిల్లలు తగ్గిన బడి వృథాఖర్చులా కనిపిస్తుంది. పక్క ఊరి బడిలో కలిపేస్తే తలసరి ఖర్చు తగ్గుతుంది. పెరిగిన దూరం మాత్రం ఏ పద్దులోనూ పడదు, అది ఆడపిల్ల కాళ్ల మీద పడుతుంది. 2009 విద్యాహక్కు చట్టం 14 ఏళ్ల దాకానే. తొమ్మిదిలో ఆమెను మానిపిస్తే అడ్డుపడే హక్కు అందులో లేదు.

కొలవద్దని నేను అనను. జీతం లేకుండా ఎవరెవరు ఈ బడిని నడుపుతున్నారో రాసే గడి ఒకటి ఆ పట్టికలో ఉండాలంటాను. ఆ గడిలో ఏం రాయాలో లెక్కల మనుషులు అడిగితే, స్త్రీల ఆత్మకథలు చదివే మన దగ్గర సమాధానం ఉంది. వాళ్లు అడిగేదాకా ఆగకుండా, మనమే రాసి ముందు పెట్టాలి.