తుంగభద్ర ఒడ్డున మందతో ఒక రాత్రి

మా అయిజ ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, నడుమ మిగిలిన గడ్డ ఇది. సముద్రతీరంలో గుడారాలు వేసుకొని, పెంపుడు జంతువులతో సెలవులు గడిపే కుటుంబాలను ఫోనులో చూసి మా విద్యార్థులు ముచ్చటపడుతుంటారు. అటువంటి విడిది మన ముంగిట్లోనే తరతరాలుగా ఉన్నది. పంటలు ఇల్లు చేరి, తుంగభద్ర సన్నబడి ఇసుక మేటలు తేలినాక, కురుమలు, గొల్లలు మందలతో ఏటి ఒడ్డు చేలలో దిగుతారు.

జనవరిలో ఒక గురువారం అసర్ నమాజు తరువాత, నలుగురు పెద్ద విద్యార్థులను వెంటబెట్టుకొని రాజోలి వైపు వెళ్ళాను. 2009 అక్టోబరులో ఆ ఊరిని ముంచెత్తిన నది ఇదేనా అన్నంత నెమ్మదిగా నీరు పారుతున్నది. చేను మధ్యలో వల కట్టి గొర్రెలను లోపలికి తోలారు. ఒక్క రాత్రి మంద పడుకొంటే ఆ మడికి ఎరువు చాలును. మరునాడు వల పక్కకు జరుగుతుంది. రైతు అందుకు ధాన్యమో, డబ్బో ఇస్తాడు.

కుక్కను చూడగానే మావాళ్ళు వెనుకడుగు వేశారు. ఒకడు రాయి కూడా అందుకొన్నాడు. “కొట్టొద్దు బాబూ! ఇది లేకుంటే తెల్లారేసరికి రెండు పిల్లలు తక్కువైతాయి” అన్నాడు ముసలి కాపరి. రాయి పడవేయించి చెప్పాను: మందకు, పొలానికి, వేటకు కుక్కను ఉంచుకోవడానికి దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) అనుమతించారు. దప్పికతో ఉన్న కుక్కకు నీరు తాగించిన మనిషికి మన్నింపు లభించిన వృత్తాంతం హదీసులో ఉన్నది. దాని లాలాజలం తగిలిన పాత్ర విషయంలో జాగ్రత్త వేరు, దాని మీద దయ వేరు. మనవాళ్ళు మొదటిది గుర్తుంచుకొని రెండవది మరచిపోతుంటారు.

“గొర్రెల దొడ్డి దగ్గర నమాజు చెల్లుతుందా?” అని ఇంకొకడు అడిగాడు. చెల్లుతుంది, సహీహ్ ముస్లింలో స్పష్టంగా ఉన్నది. ప్రవక్తలందరూ మేకలు, గొర్రెలు కాచినవారే. మన ప్రవక్త మక్కావాసుల మందలను ‘ఖరారీత్’కు కాచారని బుఖారీలో వస్తుంది. అది నాణెమా, స్థలం పేరా అని పండితులు వాదించుకొన్నారు. మా పిల్లలు ఆ రాత్రి నెగడు దగ్గర మళ్ళీ వాదించుకొన్నారు.

నడిరాత్రి ఒక గొర్రె ఈనింది. చలికి పిల్ల కదలలేదు. కాపరి దాన్ని తన గొంగడితో గట్టిగా తుడిచి, అందులోనే చుట్టి, నెగడు పక్కన ఒడిలో పెట్టుకొన్నాడు. ఆయన మీద ఇక పంచె మాత్రమే మిగిలింది. చాలాసేపటికి పిల్ల సన్నగా అరిచింది. ఉన్నితో, వెంట్రుకలతో మనిషికి కలిగిన సౌకర్యాలను, ప్రయాణంలో తేలికైన తోలు గుడారాలను నహ్ల్ సూరా గుర్తుచేస్తుంది. ఎన్నిసార్లు పాఠం చెప్పానో! గొంగడి ఇచ్చే నల్ల ఉన్ని గొర్రెలు మాత్రం ఆ మందలో నాలుగే ఉన్నాయి. మిగిలినవన్నీ మాంసానికి పెంచే నెల్లూరు రకం. వాటికి ఉన్ని రాదు. “ఇది చినిగితే మళ్ళీ నేసేటోడు లేడు సాబ్” అన్నాడాయన.

ఫజర్‌కు నీళ్ళు కాచుకొని వుజూ చేశాము. చలి ఉన్నదని తయమ్ముమ్‌కు దిగరాదు, నెగడు ఉన్నప్పుడు.

తెల్లవారి ఒక విత్తనపత్తి రైతు వచ్చి, ఏరిన చేనులో మంద మేపుకొమ్మని పిలిచాడు. కాపరి ముందుగా అడిగింది కూలి సంగతి కాదు. “చివరి మందు ఎప్పుడు కొట్టినావు?” అన్నాడు. రైతు వేళ్ళు లెక్కపెట్టి, తడబడ్డాడు. కాపరి ఏమీ అనలేదు. రాత్రి పుట్టిన పిల్లను చంకనెత్తుకొని, మందను దూరంగా ఉన్న జొన్న చేనువైపు మళ్ళించాడు. కుక్క అందరికంటే వెనుక నడిచింది.