పూసలకై నేపాళమునకు

హుస్నాబాదులో ఎల్లమ్మ చెఱువునకు దాపున మా యిల్లు. పండుగనాడు వీథిగుమ్మమునకు కట్టు పూసలతోరణ మొకటి మాకు గలదు. తెల్లపూసలలో కూర్చిన ఎఱ్ఱచిలుకలు, నడుమ పూర్ణకలశము. అది మా అత్తగారి అత్తగారు కుట్టినది. 2018వ సంవత్సరపు వానకాలములో ఎలుక దారములు కొఱుకగా రెండు చిలుకలు విడిపోయి, పూసలు సగము మట్టిపాలయ్యెను. మఱుసటి వైశాఖమున మా ఆడుబిడ్డ కూతురి వివాహము. అత్తగారికి నీటికాసుల వ్యాధిచే చూపు ఏటికేడు తరుగుచున్నది. "ఈ కండ్లతో దానిని మరల గుమ్మమున చూచెదనో లేదో" యని ఆమె యొకనాడనిరి. ఆ మాటతో మేము పూసల వేటకు బయలుదేఱితిమి.

తెల్లపూసలు దొరకుట కష్టము కాలేదు. చిక్కంతయు ఎఱుపుతోనే. అది కుంకుమవంటిది గాదు, ఇటుకవంటిది గాదు. ఎండుమిరపకాయ తొడిమదగ్గఱ నుండు ముదురెఱుపు. మా చిన్ననాట పూసలవారి స్త్రీలు గంపలు తలకెత్తుకొని వచ్చి, దువ్వెనకు రాలిన వెండ్రుకలు పుచ్చుకొని సూదులు, పిన్నులు ఇచ్చుచుండిరి. వారి గంపలో ఇట్టి పూస యుండెడిది. కరీంనగరు అంగళ్లలో ప్లాస్టిక్కు పూసలే కనబడెను. హైదరాబాదు బేగంబజారులో కొన్నవి నీట ముంచగానే రంగు వెలిసి తెల్లబోయినవి. అచటనే మఱియొక యంగడిలో మంచి గాజుపూసలు చూపిరి గాని, మాకు వలసిన కొలతకు నాలుగువేలకు పైబడిన వెల చెప్పిరి. బడిపంతులుగారి జీతముతో సాగు సంసారమున చిలుకముక్కులకై అంత వెచ్చించుట మాకు మనసొప్పలేదు.

అంతలో పొరుగింటావిడ పశుపతినాథుని దర్శించి వచ్చి, మెడలోని పూసలదండ చూపిరి. అదే యెఱుపు! నేపాళమున వివాహితలు ధరించు ఈ దండను "పోతే" యందురట. వెల విని ఆశ్చర్యపడితిమి. 2019 జనవరిలో సంక్రాంతి సెలవులకు మా వారు మఱి నాలుగు దినములు చేర్చుకొనిరి. పిల్లలను పుట్టింట విడిచి, కాజీపేటలో రక్సౌలు రైలెక్కితిమి. తోరణపు చిలుకనొకదానిని గుడ్డలో చుట్టి వెంట తీసికొంటిమి. ప్రయాణమునాడు అత్తగారు నవ్వుచు "పశుపతినాథుని కుంకుమ కొంచె మెక్కువగా తెమ్ము" అనిరి. ఆ నవ్వునకు కారణము చెప్పవలెను.

బల్లార్షా చేరకముందు రైలు వార్ధానదిని దాటును. ఏటికి ఈవలి రాజురా ప్రాంతము 1956 వఱకు మన ఆదిలాబాదు జిల్లాలోనిదే. 1948కి పూర్వము నిజాము రాజ్యమునకు ఈ యేరే పొలిమేర. ఆవల ఇంగ్లీషువారిది, అక్కడి సుంకము వేఱు, నాణెము వేఱు. మన హాలీసిక్కా రూపాయలు నూటపదియాఱు చిల్లర ఇచ్చినగాని కంపెనీ రూపాయలు నూఱు వచ్చెడివి కావు. ఆవలినుండి తెచ్చు సరుకుపై కరోడ్గిరివారు నూటికైదు సుంకము వసూలు చేయుచుండిరి. మా అత్తగారి అత్తగారు చైత్రమాసమున చాందా మహాకాళి జాతరకు పోయి, ఈ ఎఱ్ఱపూసలు కొని, కుంకుమసంచిలో కలిపి తెచ్చిరట. నాకాలో జవాను సంచిలో వ్రేలు ముంచి, అమ్మవారి కుంకుమ యని కండ్ల కద్దుకొని పొమ్మనెనట! ఈ కథ మా యింట ప్రతి పెండ్లికిని చెప్పుకొందురు. వంతెనమీద రైలు పోవుచుండగా మేము దానిని తలచి నవ్వితిమి. మా వారు మాత్రము నవ్వలేదు.

రెండు రాత్రులు గడచి రక్సౌలు చేరితిమి. మంచు దట్టముగా నుండెను. టాంగా యెక్కి బీరుగంజికి పోయితిమి. మనవారికి పాస్‌పోర్టుగాని వీసాగాని అక్కఱలేదు. ఓటరు గుర్తింపుకార్డు చాలును. నూఱు రూపాయలకు పైబడిన మన నోట్లను నేపాళ ప్రభుత్వము 2018 డిసెంబరులోనే నిషేధించెను. అందుచే మేము నూఱునోట్ల కట్టలను పసుపుగుడ్డలో మూటగట్టుకొంటిమి. 1993 నుండి మన నూఱు రూపాయలకు వారి నూటయఱువది వచ్చును. ఈ లెక్క తెలియనివారు వెల వినగానే బెదరుదురు.

కాఠ్మాండులో పశుపతినాథుని దర్శనమైన పిదప, మఱునాడు ఇంద్రచౌకునకు పోయితిమి. చిన్న చిన్న అంగళ్లు ఒకదాని నానుకొని యొకటి. లోన పైనుండి క్రిందివఱకు పూసల జల్లులు. వర్తకులు చాలమంది ముసల్మానులు, తరతరములుగా ఇదే వృత్తి. దారములు కాలిబొటనవ్రేలికి తగిలించుకొని, చూచుచుండగానే దండ గ్రుచ్చి ముడివేయుదురు. మా వారి తెలంగాణపు టుర్దూ అచట బాగుగా పనికివచ్చెను.

కొనబోవు సోదరీమణులకు మేము నేర్చినది చెప్పెదము. పూసకు అంకె పెరిగినకొలది పూస చిన్నది. పదునొకండవ నంబరుకంటె ఎనిమిదవది లావు. జపానుపూస లన్నియు ఒకే కొలత, వెలయు హెచ్చు. చెకు దేశపు యాబ్లోనెత్సు ప్రాంతపుపూసలలో కొంచెము హెచ్చుతగ్గులుండును. తడిచేసిన తెల్లగుడ్డపై రుద్ది, రంగు దిగని దానినే కొనవలెను. పగటివెలుతురులో చూడక ఎఱుపు కొనరాదు. దీపముక్రింద ఎఱుపులన్నియు ఒకటే.

ఆఱంగళ్లు తిరిగితిమి. ఏడవయంగడిలోని వృద్ధుడు మా చిలుకను చేతిలోనికి తీసికొని, వాకిట వెలుతురులోనికి వచ్చి, చాలసేపు చూచి, లోనికి పోయి అడుగున నున్న రేకుపెట్టె తెచ్చెను. అదే యెఱుపు, అదే మందము! "ఇదెక్కడి సరుకు?" అని అడుగగా, "ఇండియా సరుకు తల్లీ" యనెను. మా వారు అప్పుడు పగలబడి నవ్విరి. తిరుపతిజిల్లాలోని పాపానాయుడుపేటలో నేటికిని కొలిమినుండి గాజును గొట్టమువలె సాగదీసి, ముక్కలుగా కోసి పూసలు చేయుదురని మాకు తరువాత తెలిసెను. ఇంటికి దక్షిణముగా పోవలసినవారము ఉత్తరమునకు పోతిమి కాబోలు.

తెల్లవి, ఎఱ్ఱవి కలిపి మన లెక్కలో రెండువేల నాలుగువందలయ్యెను.

తిరుగుప్రయాణమున చిక్కు వచ్చినది. 2016 నాటి నియమములను బట్టి నేపాళమునుండి విమానమున వచ్చువారికి అప్పట్లో పదునైదువేల వఱకు సుంకము లేకుండెను. నేలదారిని వచ్చువారికి వాడుకలోనున్న సొంతవస్తువులకే మినహాయింపు. తోడి యాత్రికురాండ్రు "పూసలకు సుంకమేమి, చీరలలో చుట్టుము" అనిరి. మా సంచిలో కుంకుమపొట్లము కూడ నుండెను. నిజము చెప్పవలెనన్న, బీరుగంజి సత్రములో మేము పొట్లము విప్పితిమి. మా వారు చూచి, "రేపు బడిలో పిల్లలకు ఏమి చెప్పుదును?" అని మాత్రమనిరి. మాకు కోపము వచ్చెను. అవ్వగారు చేసినది తప్పా యని అడిగితిమి. "ఆమె రాజునకు ఓటు వేయలేదు గదా" యనిరి. ఆ రాత్రి మాటలు లేవు.

ఉదయమున పూసలు బల్లపై పెట్టితిమి. అధికారి మమ్ములను రెండుమార్లు చూచెను; పూసలకు సుంకము కట్టుదుమని వచ్చినవారు అరుదు కాబోలు. నూటికి ముప్పదియైదు, దానిపై పదవవంతు సర్‌చార్జి: వెరసి తొమ్మిదివందల యిరువదినాలుగు రూపాయలకు రసీదు వ్రాసి యిచ్చెను. మన దేశపుపూసలకు మన దేశముననే దిగుమతిసుంకము! అయినను హైదరాబాదు వెలకంటె తక్కువయే. రైలుకూలి పశుపతినాథుని ఖాతాలో వ్రాసితిమి.

ఇల్లు చేరగానే అత్తగారు "కుంకుమలో తెచ్చితివా?" అని అడిగిరి. రసీదు చదివి వినిపించితిమి. "మా అత్త ఒక్కపైసా ఈయలేదు" అని కొంతసేపు గొణిగి, పూసలను ఒడిలో పోయించుకొని వ్రేళ్లతో తడవుచు కూర్చుండిరి. చైత్రమంతయు కుట్టితిమి. పెండ్లికి నాలుగు దినములు ముందు తోరణము గుమ్మమున కట్టి, ఆమెను పీటపై నిలువబెట్టితిమి. ఆమె కండ్లు మూసికొని ఒక్కొక్క చిలుకను తాకి, నాలుగవదాని దగ్గఱ ఆగి, "దీని ముక్కు లావు" అనిరి. నిజమే. తోరణము దింపి, రెండు వరుసలు విప్పి మరల కుట్టితిమి.