సేరుకు ఎన్ని గ్రాములు?

డల్లాస్‌లో ఉన్న చెల్లి రాగి సంగటి కొలతలు గ్రాముల్లో కావాలంది. అమ్మను అడిగితే "గ్లాసు బియ్యం, గ్లాసు పిండి, ఐదు గ్లాసుల నీళ్లు" అంది. ఈ లెక్కకు ఏ గ్లాసైనా ఒకటే. మా ప్రొద్దుటూరింటి 200 మిల్లీలీటర్ల స్టీలు గ్లాసైనా, అమెరికావాళ్ల 240 మిల్లీలీటర్ల కప్పైనా. ఇబ్బందల్లా పిండితోనే.

మా గ్లాసుతో ఎన్నిసార్లు కొలిచినా బియ్యం 170 గ్రాముల దగ్గరే తూగాయి. రాగిపిండి అట్ల కాదు. మిల్లు నుంచి వచ్చిన రోజు గుల్లగా 110, గ్లాసు తట్టి తట్టి నింపితే 140. "నీ గ్రాములు నాకు తెలీదు మే, ముద్ద చేతికి అంటుకోకుండా రావల్ల, అంతే" అంది అమ్మ. బంగారాన్ని మిల్లీగ్రాముల్లో తూచే ఊళ్లో పుట్టి ఈ మాట! ఉగ్గానికి మాత్రం నేనూ తూకం జోలికి పోను. గ్లాసు బొరుగులు 20 గ్రాములుంటాయేమో, తడిపి పిండాక ఆ అంకెకు అర్థమే లేదు. పులివెందుల అత్తయితే గ్లాసు కూడా వాడదు, దోసిలే.

సేరు అనే మాటే ఒక చిక్కు. అది కొలతా అవుతుంది, తూకమూ అవుతుంది. పక్కా సేరు 80 తులాలు, అంటే 933 గ్రాములు. మద్రాసు ప్రెసిడెన్సీ తూకాల్లో సేరంటే 24 తులాలే, 280 గ్రాములు. అట్లాంటివి ఐదైతే వీశె. 1956లో చట్టం చేసి, 1958 అక్టోబరు నుంచి కిలోలు తెచ్చారు. అంగళ్లు మారినాయి, వంటిళ్లు మారలేదు.

జమ్మలమడుగు జేజి కూలికి పోయిన కాలంలో జొన్నలు సేర్లతోనే కొలిచిచ్చేవాళ్లు. కొలిచే చెయ్యి ఆసామిది. రాశిగా పోస్తాడా, అంచు గీసి పోస్తాడా అనేది ఆ పొద్దు ఆయన మనసు. జేజి ఏమీ అనేది కాదు. ఇంటికొచ్చి తన ఇత్తడి సేరుతో మళ్లీ కొలుచుకునేది. తక్కెడను ఎప్పుడూ నమ్మలేదు. అది అంగడాయన చేతిలోది, రాయి బరువెంతో ఆయనకే తెలుసు. సేరు నిండిందా లేదా అనేది మాత్రం చదువు రాని మనిషి కంటికి కూడా కనిపిస్తుంది. వంటింట్లో గ్రాములు రాకపోవడం వెనకబాటుతనం అనేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే.

ఆ సేరు ఇప్పుడు నా దగ్గరుంది, ఒక పక్క సొట్ట. నీళ్లు పోసి తూచాను. నీళ్లకు గ్రామూ మిల్లీలీటరూ ఒకటే కాబట్టి పాత్ర ఎంతదో తేలిపోతుంది. 940. జొన్నలు అంచుకు గీసి పోస్తే 720 గ్రాములు. రాశిగా పోస్తే 800. రోజుకు రెండు సేర్ల కూలంటే 160 గ్రాముల తేడా.

మా ఇంట్లో అది రెండు రొట్టెల పిండి.