అర అంబులెన్స్ ఎక్కడ పెడతారు?

అర్ధరాత్రి. ఇంటి పెద్దాయన ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. కొడుకు 108కి ఫోన్ చేశాడు. ఇక అందరి చూపూ వీధి మలుపు మీదే. బండి ఎంతసేపట్లో వస్తుంది?

దీనికి జవాబు చాలావరకు ఆ రాత్రి తేలేది కాదు. బండి ఏ ఊళ్లో ఉండాలో నిర్ణయించిన రోజే తేలిపోయింది.

2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 ఇప్పుడు ఇంటింటికీ తెలిసిన నంబరు. బండ్లను ఎక్కడ ఉంచాలన్నది మాత్రం చిన్న చిక్కు కాదు. వంద ఊళ్లలో పది ఊళ్లను ఎంచడానికి 17 లక్షల కోట్లకు పైగా మార్గాలున్నాయి! అన్నీ చూసి తేల్చడం మనిషి వల్ల కాదు.

ఈ చిక్కును విప్పేదే పూర్ణాంకాల లెక్క. ప్రతి ఊరికీ ఒక అంకె. బండి ఉంటే 1, లేకుంటే 0. అనుకున్న టైములో ప్రతి ఊరికీ చేరాలంటే కనీసం ఎన్ని బండ్లు కావాలి? 1971లో అమెరికాలో టొరెగాస్, రెవెల్ తదితరులు ఈ ప్రశ్నను ఇలాగే లెక్కలో పెట్టారు.

మరి పూర్ణాంకాలే ఎందుకు? మూడు ఊళ్లున్నాయి. బండి పెట్టడానికి మూడు చోట్లున్నాయి. ఏ చోట పెట్టినా రెండేసి ఊళ్లకే, ఒక్కోచోటి నుంచి ఒక్కో జతకే, టైముకు చేరుతుంది. భిన్నాలు ఒప్పుకుంటే ‘చోటుకు అర బండి చొప్పున ఒకటిన్నర చాలు’ అంటుంది లెక్క. కానీ అర అంబులెన్స్ కదలదుగా! రెండు బండ్లు కావాల్సిందే.

డబ్బు ఒక్కదానికే ఉంటే? అప్పుడు ఎక్కువమందికి అందేలా ఎంచుకోవాలి. 1974లో చర్చ్, రెవెల్ చూపిన దారి ఇదే. వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ జనం తక్కువున్న మూడో ఊరు మిగిలిపోతుంది. ఆ పెద్దాయన ఇల్లు అక్కడే ఉంటే..?

పోనీ, అన్నిటికంటే దూరంగా ఉన్న ఊరికి పట్టే టైమునే తగ్గించమంటే, లెక్క ఆ పనీ చేస్తుంది. అప్పుడు పెద్ద ఊళ్లో కొందరు ఇంకాసేపు ఆగాల్సి రావచ్చు. రెండింటిలో ఏది మేలో కంప్యూటర్ చెప్పదు. మనుషులే తేల్చుకోవాలి.

వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు పెద్దలు. లెక్కకు మనవాళ్లూ పరాయివాళ్లూ ఉండరు. కడపంక్తిని కూడా చూడమని ముందే చెప్పాల్సింది మనమే!