రంగం ఓడ ఎక్కిన ఒడ్డు

సెలవులు దగ్గర పడుతున్నాయంటే కొన్ని కుటుంబాల నుంచి తప్పకుండా ఒక ప్రశ్న వస్తుంది: తూర్పు దేశాల్లో పిల్లలతో కలిసి చూడదగినది ఏది? మలేషియా మేలా, థాయ్‌లాండ్ మేలా? విమాన ఛార్జీలు, హోటళ్ళు, హలాల్ భోజనం వంటి లెక్కలు ట్రావెల్ ఏజెంట్లు నాకంటే బాగా చెప్పగలరు. నేను మాత్రం బర్మా పేరు చెబుతాను. చెప్పిన వెంటనే, ఇప్పుడు అక్కడికి వెళ్ళవద్దని కూడా అంటాను.

ఉత్తరాంధ్ర పల్లెల్లో బర్మా పేరు 'రంగం'. రంగూన్ అన్న మాట మన నాలుకపై అరిగి రంగమయింది. 1931 జనాభా లెక్కల నాటికి ఆ దేశంలో పది లక్షలకు పైగా భారతీయులుండేవారు. రంగూన్ నగర జనాభాలో సగానికి మించి వారే. ఓడరేవులో బస్తాలు మోసినవారిలో, బియ్యం మిల్లుల్లో పనిచేసినవారిలో, రిక్షాలు లాగినవారిలో తెలుగువారు ఎందరో. కోరంగి రేవు పేరు మీద వారిని అక్కడ 'కొరంగీలు' అని పిలిచేవారు. అది గౌరవంతో పిలిచిన పేరు కాదు.

రంగూన్‌లో చూడవలసినవి ఎన్నో ఉన్నాయి. బంగారు తాపడంతో మెరిసే ష్వేడగాన్ బౌద్ధ స్తూపం లోకప్రసిద్ధం. నగరం నడిబొడ్డున సూలే స్తూపానికి ఎదురుగానే బెంగాలీ సున్నీ జామె మసీదు నిలిచి ఉంది. సూరత్ వర్తకుల పేరు మీద సూర్తీ మసీదు ఉంది. అన్నిటికంటే మన మనసును నిలిపివేసేది బహదూర్ షా జఫర్ సమాధి. ఢిల్లీ నుంచి బహిష్కృతుడైన ఆ చివరి మొగల్ చక్రవర్తి 1862 నవంబరు 7న అక్కడే కన్నుమూశాడు. ఆంగ్లేయులు ఖననస్థలం ఆనవాలు లేకుండా చేశారు. 1991లో తవ్వకం పనుల్లో అసలు సమాధి బయటపడింది. బర్మా చివరి రాజు థీబాను అదే ఆంగ్లేయులు 1885లో మన దేశానికి తరలించి రత్నగిరిలో ఉంచారు. అతడు 1916లో అక్కడే మరణించాడు. ఒకరి రాజును మరొకరి నేలలో పాతిపెట్టిన ఈ లెక్క పిల్లలకు ఒక పాఠ్యపుస్తకమంత చరిత్ర చెబుతుంది.

కానీ 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారాన్ని చేజిక్కించుకున్నప్పటి నుంచి ఆ దేశం అంతర్యుద్ధంలో ఉంది. 2025 మార్చి 28న, రంజాన్ చివరి శుక్రవారం, జుమా నమాజు వేళ వచ్చిన భూకంపంలో సగాయింగ్, మాండలే ప్రాంతాల్లో ఎన్నో మసీదులు నమాజీల మీదే కూలాయి. కుటుంబంతో వెళ్ళే కాలం కాదిది.

అయితే రంగానికి ఇవతలి గుమ్మం మన రాష్ట్రంలోనే ఉంది. పలాసలో రైలు దిగి, తీరం వెంబడి దక్షిణంగా శ్రీకాకుళం దాకా రండి. రెండు రోజులు చాలు.

పలాస జీడిపప్పు గురించి నేను చెప్పనక్కరలేదు. అక్కడి నుంచి సముద్రం వైపు విస్తరించిన ఉద్దానం కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఈ తోటలను నేలమట్టం చేసింది. కొబ్బరి మొక్క తిరిగి కాపుకు రావాలంటే ఏళ్ళు పడుతుంది కనుక, ఎత్తైన పాత చెట్టు కనిపిస్తే అది ఆ రాత్రిని తట్టుకున్నదని తెలుసుకోండి. ఇక్కడి జనాన్ని దశాబ్దాలుగా మూత్రపిండాల వ్యాధి పీడిస్తోంది. వారి ఇళ్ళ ముందు ఫొటోలు తీసుకునే ఉత్సాహం తగ్గించుకుంటే మంచిది.

ఈ తీరంలోనే బారువ ఉంది. మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు, దీపస్తంభం, కొబ్బరి తోటలు. ఇది ఒకనాటి రేవు. ఒకనాడు మునిగిన చిల్కా అనే ఓడ శిథిలం ఈ తీరానికి సమీపంలో నీటి అడుగున ఉంది. గాలి సిలిండర్లు కట్టుకుని దిగేవారు దానిని చూసి వస్తుంటారు.

ఇక్కడ ఒడ్డున నిలబడి ఒక్క విషయం ఊహించాలి. ఈ రేవుల్లో ఓడ ఒడ్డుకు ఆనదు. దూరంగా లంగరు వేస్తుంది. మేకులు లేకుండా పలకలను తాళ్ళతో కుట్టిన మసూలా పడవల్లో జనాన్ని అలలు దాటించి ఓడకు చేర్చేవారు. మేస్త్రీ ఇచ్చిన బయానా ఇంట్లో పెట్టి, అది తీరేదాకా అతడు చెప్పిన చోట పనిచేయడానికి మనిషి బయలుదేరేవాడు. ఓడ పైతట్టు మీదే పడక. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు సమ్మె చేశారు. వారి స్థానంలో పెట్టిన బర్మీయులను సమ్మె ముగియగానే తీసివేయడంతో అల్లర్లు చెలరేగి ఎందరో మనవాళ్ళు హతులయ్యారు. 1941 డిసెంబరులో జపాను బాంబులు పడ్డాయి. ఆ తర్వాతి నెలల్లో లక్షలాది భారతీయులు బర్మా విడిచారు. ఎందరో అడవుల గుండా కాలినడకన వస్తూ దారిలోనే రాలిపోయారు. 1964లో దుకాణాల జాతీయీకరణ తర్వాత మరో విడత వచ్చింది. విశాఖపట్నంలో 'బర్మా క్యాంపు' అన్న పేరు నేటికీ వినిపిస్తుంది.

తిరిగి రానివారి మాటేమిటి? మేము పాఠశాలలో బోధించే ఫిఖహ్ గ్రంథాల్లో 'మఫ్ఖూద్' అనే అధ్యాయం ఉంటుంది. జాడ తెలియకుండా పోయిన భర్త గురించినది. హనఫీ మతం ప్రకారం అతని ఈడువారంతా గతించేదాకా ఆ స్త్రీ వేచి ఉండాలి. 1930ల ఆరంభంలో మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మ) ఇటువంటి స్త్రీల దుస్థితి చూసి, నాలుగేళ్ళ గడువు నిర్ణయించే మాలికీ అభిప్రాయాన్ని స్వీకరించవచ్చని గ్రంథం రాశారు. 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టంలోనూ నాలుగేళ్ళుగా భర్త జాడ తెలియకపోవడమే మొదటి కారణంగా చేరింది. విద్యార్థులు ఈ అధ్యాయాన్ని పొడిగా చదివేస్తారు. బారువ ఒడ్డున చదివిస్తే వేరుగా చదువుతారని నా నమ్మకం.

టెక్కలి దగ్గర నౌపడ చూడండి. తెల్లని ఉప్పు మడులు, 1900లో పర్లాకిమిడికి చిన్న రైలు మొదలైన కూడలి. పక్కనే తేలినీలాపురంలో శీతకాలమంతా గూడబాతులు, రంగు కొంగలు ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టి పిల్లలను పెంచుతాయి. గ్రామస్థులు వాటిని ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. పిల్లలకు అన్నిటికంటే నచ్చేది ఇదే. భావనపాడు తీరం కూడా దగ్గరే. ఆ పక్కన మూలపేటలో 2023 ఏప్రిల్‌లో కొత్త ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. పాత తీరాన్ని పాతగా చూడాలనుకునేవారు ఆలస్యం చేయకపోవడం మంచిది.

చివరి మజిలీ కళింగపట్నం. వంశధార సముద్రంలో కలిసే చోట 1876 నాటి దీపస్తంభం ఉంది. షేక్ మదీనా పేరుతో ఒక దర్గా ఉంది. సలాం చెప్పి, మరణాన్ని గుర్తుచేసుకుని, దుఆ చేసి రండి. మొక్కుబడులు మాత్రం వద్దు. శుక్రవారమైతే నేరుగా శ్రీకాకుళం చేరి జామియా మసీదులో జుమా నమాజు చేసుకోవచ్చు. కుతుబ్‌షాహీల ఫౌజ్‌దారు షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన మసీదు అది.

ఈ జిల్లాలో మనవాళ్ళు చాలా తక్కువ. హలాల్ మాంసం ఎక్కడ దొరుకుతుందోనన్న చింత పెట్టుకోకండి. తీరం పొడవునా తాజా చేపలు దొరుకుతాయి, వాటికి జబహ్ సమస్యే లేదు. ఉద్దానం పనసకాయ కూర కూడా రుచి చూడండి. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు కనుక డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనుకూలం. ఈ తీరంలో అలల ఉధృతి ఎక్కువ, పిల్లలను నీటిలోకి వదలకండి.

మీ ఇంట్లో రంగం వెళ్ళివచ్చిన పెద్దల బిడ్డలెవరైనా మిగిలి ఉంటే వారినీ వెంట తీసుకువెళ్ళండి. ఓడ పేరు, మేస్త్రీ పేరు, తండ్రి ఖబర్ ఏ ఊళ్ళో ఉందన్నది వారికి గుర్తున్నంత వరకు ఒక నోటుపుస్తకంలో రాసుకోండి.