గడ్డ అంటే ఏ గడ్డ?

ఈసారి గోడపత్రికకి దీపావళి సెలవుల గురించి రాయమన్నారు మేడమ్. టపాసులు, అరిసెలు అని ఏదో ఒకటి రాద్దామనే కూర్చున్నాను. కానీ నా సెలవులు సగానికి పైగా ఆసుపత్రి బెంచీల మీదే గడిచాయి. అమ్మకి ఫోన్ చేసి ‘ఇది రాయనా?’ అని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ‘నా పేరు వేయొద్దు పాపా. మిగతాది రాయి. చదివేది ఆడపిల్లలే కదా’ అంది. అందుకే రాస్తున్నాను.

మాది మొరప్పూర్. ధర్మపురి జిల్లాలో, జోలార్‌పేట నుంచి సేలం వెళ్ళే రైలు దారిలో ఉంటుంది. మా ఇంట్లో రెండు భాషలు. అమ్మ, అవ్వ, నేను తెలుగులో మాట్లాడుకుంటాం. అప్పాతో అందరమూ తమిళమే. చిన్నప్పటినుంచీ ఇంటికొచ్చే ప్రతి కాగితం చదివి, ఇటు తెలుగులో, అటు తమిళంలో చెప్పేది నేనే. కాబట్టి మా ఇంట్లో నాకు తెలియని విషయం ఉండదనుకునేదాన్ని.

సెలవులకి వెళ్ళిన రోజు అమ్మ స్టేషన్‌కి వచ్చింది. బయటికి వచ్చే మెట్లు ఎక్కుతూ రెండుసార్లు ఆగింది. ‘ఏమైందమ్మా?’ అంటే ‘ఏం లేదు, కడుపు నొప్పి’ అంది. వెలుతురులోకి వచ్చాక చూశాను. పెదవులు తెల్లగా ఉన్నాయి. అమ్మకి 42 ఏళ్ళు. చింతపండు కాలంలో రోజంతా కూర్చుని గింజ తీసే మనిషి. మెట్ల మీద ఆగడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ రాత్రి రెండు గంటలప్పుడు మెలకువ వస్తే పెరట్లో అమ్మ బట్టలు ఉతుకుతోంది. అప్పుడు తెలిసింది. ఏడాదిన్నరగా నెలకి పది పన్నెండు రోజులు రక్తస్రావం అవుతోందట. రాత్రి రెండు మూడుసార్లు లేచి బట్ట మార్చుకుంటుందట. ఈ ఏడాదిన్నరా అప్పాకి చెప్పింది ఒకే మాట, ‘వయిత్తు వలి’. మందుల షాపులో చెప్పిందీ అదే. వాళ్ళు గ్యాస్ మాత్రలు ఇచ్చారు. అందులో వాళ్ళ తప్పేముంది? కడుపు నొప్పి అంటే ఎవరైనా గ్యాస్ అనే అనుకుంటారు.

తెల్లవారి అవ్వని అడిగాను, నీకు తెలుసా అని. తెలుసు. ‘గడ్డలు గడ్డలుగా పడతా ఉండాది. పడనీ. లోపల గడ్డ ఏమన్నా ఉంటే కరిగి పోతుందిలే. చెడు రక్తం పోతే మంచిదే కదా’ అంది.

టౌనులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. స్కాన్ తీశారు. డాక్టరు తమిళంలో ‘కర్ప పైలో కట్టి ఉంది’ అన్నారు. నేను అమ్మకి తెలుగులో చెప్పాను: ‘గర్భసంచిలో గడ్డ ఉందంటమ్మా.’ ఆ మాట నా నోట్లోంచి రాగానే అమ్మ ముఖం ఎలా అయిందో ఇప్పటికీ మరిచిపోలేను. మా పక్క గడ్డ అంటే క్యాన్సరే. ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇక ఆ సంచితో ఏం పని, తీసేద్దాం. వచ్చే బుధవారం రండి’ అన్నారు. అమ్మ తలూపింది. అప్పా డబ్బుల లెక్క మొదలుపెట్టాడు. సంతకం పెట్టాల్సిన కాగితం నా చేతికే ఇచ్చారు, చదివి చెప్పమని. చదివాను. అందులో ఆపరేషన్ పేరు ఉంది కానీ ఎందుకు అన్నది లేదు. ఇంట్లో మాట్లాడి వస్తామని చెప్పి కాగితం సంచిలో పెట్టుకున్నాను.

ఇంట్లో అందరూ తీసేయమన్నవాళ్ళే. కుప్పం దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మ ఫోన్‌లో ‘నాకు ముప్పై మూడేళ్ళకే తీసేసినారు. మా వీధిలో ఎంతమందికి తీసేసినారో’ అంది, ఏదో పన్ను పీకించుకున్నట్టు. ఆమెకి నలభై నిండకముందే ఒంట్లో ఆవిర్లు, కీళ్ళ నొప్పులు మొదలైన సంగతి మాకు తెలుసు. అది దీనివల్లేనేమో అని ఎవరమూ అనుకోలేదు. గర్భసంచితోపాటు అండాశయాలు కూడా తీసేస్తే ముట్లు ఆగిపోయే దశ ఒక్కసారిగా వచ్చేస్తుంది, ఎముకలు తొందరగా బలహీనపడతాయి. పెద్దమ్మకి రెండూ తీశారా, ఒక్కటే తీశారా అని అడిగాను. ‘ఏమో పాపా, ఎవురు చెప్పినారు’ అంది.

పెద్దమ్మ వీధి మాట ఉత్తమాట కాదని తర్వాత తెలిసింది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తంలో నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో అన్నిటికన్నా ఎక్కువ మన తెలుగు రాష్ట్రాల్లోనే. ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అనవసరంగా గర్భసంచులు తీయకుండా కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 5న రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. ఇంత జరిగితే గానీ కదలని విషయం మా ఇంట్లో ఒక్క తల ఊపుతో అయిపోయేది.

నేను పట్టుబట్టి అమ్మని ధర్మపురి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పొద్దున ఏడింటికి వెళితే మధ్యాహ్నం దాటాక మా వంతు వచ్చింది. ఆ డాక్టరమ్మ స్కాన్ కాగితం పక్కన పెట్టి ముందు అమ్మని అడగడం మొదలుపెట్టింది. నొప్పి ఎక్కడ? బొడ్డు పైనా, కిందా? ముట్టు రోజుల్లోనా, మామూలు రోజుల్లో కూడానా? రోజుకి ఎన్నిసార్లు బట్ట మారుస్తావు? గడ్డలు ఎంత సైజు? మాటిమాటికీ ఒంటేలుకి వెళ్ళాల్సి వస్తుందా? నేను అటూ ఇటూ మాట మార్చి చెబుతూ ఉన్నాను. మొదట అమ్మ నేల చూపులు చూస్తూ నాకు మాత్రమే వినపడేట్టు చెప్పింది. తర్వాత తర్వాత నన్ను దాటి నేరుగా ఆమెకే తమిళంలో చెప్పింది. ఏడాదిన్నరగా అమ్మ అన్ని వాక్యాలు దీని గురించి ఎవరితోనూ మాట్లాడి ఉండదు.

రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 7.6 వచ్చింది. 12 ఉండాలి. మెట్ల మీద ఎందుకు ఆగిందో అప్పుడర్థమైంది.

డాక్టరమ్మ ఒక చీటీ వెనక బొమ్మ గీసి చెప్పింది. గర్భసంచి గోడ కండరంతో ఉంటుంది. ఆ కండరం ఒకచోట ముడిలా పెరిగితే అదే ఫైబ్రాయిడ్. చాలామంది ఆడవాళ్ళకి ఉంటుంది, చాలామందికి ఉన్నట్టే తెలియదు. అది క్యాన్సరు కావడం చాలా చాలా అరుదు. ఎంత పెద్దది అన్నదానికంటే ఎక్కడుంది అన్నది ముఖ్యం. లోపలి పొర వైపు ఉంటే చిన్నదైనా రక్తం ఎక్కువ పోతుంది. బయటి వైపు పెరిగితే మూత్రాశయాన్నో పేగునో నొక్కుతుంది. ఆడ హార్మోన్ల వల్ల పెరుగుతుంది కాబట్టి ముట్లు ఆగిపోయాక చాలావరకు తగ్గిపోతుంది.

అప్పుడు అవ్వ మాట గుర్తొచ్చి అడిగాను, గడ్డలు పడితే లోపలి గడ్డ కరిగినట్టేనా అని. ఆమె నవ్వలేదు. ‘అందరూ అలాగే అనుకుంటారు. బయట పడేది గడ్డకట్టిన రక్తం. లోపలుండేది కండరం. అది ఇలా కరిగి రాదు. పోయేది మంచి రక్తమే’ అంది. తెలుగులో రెండిటికీ గడ్డ అనే అంటాం, తమిళంలో రెండిటికీ కట్టి అనే అంటారు. ఆ ఒక్క మాట వల్ల మా అవ్వ ఏడాదిన్నర పాటు కూతురి ఒంట్లో రక్తం పోతుంటే మంచి జరుగుతోందనుకుంది. రెండు భాషలొచ్చిన నేను కూడా ఆ మాటనే ఇటు నుంచి అటు మోసి అమ్మని భయపెట్టాను.

లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. దోషం లేదని వచ్చింది. ముందు సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. రక్తం పోయే రోజుల్లో మాత్రమే వేసుకోమని ట్రనెక్సామిక్ ఆసిడ్ మాత్రలు ఇచ్చారు. మూడు నెలలు చూద్దామన్నారు. తగ్గకపోతే హార్మోన్ లూప్ ఉంది, ఫైబ్రాయిడ్ ఒక్కటే తీసే ఆపరేషన్ ఉంది, దానికి రక్తం అందించే నాళాన్ని మూసేసే పద్ధతి ఉంది. అవేవీ కుదరకపోతే గర్భసంచి తీయాల్సి రావచ్చు. ‘అది చెడ్డ ఆపరేషన్ అని కాదమ్మా, కొందరికి అదే సరైంది. కానీ అది చివర ఆలోచించాల్సింది, మొదట కాదు. అప్పుడు కూడా అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని అడిగి తెలుసుకో’ అంది డాక్టరమ్మ. అమ్మ ఈసారి తలూపలేదు. ‘మూడు నెలలు చూస్తాను’ అని నోటితో చెప్పింది.

లేచి వస్తుంటే నేను మళ్ళీ వెనక్కి తిరిగి నా సంగతి అడిగాను. నాకు పద్నాలుగో ఏటి నుంచీ నెల నెలా మొదటి రెండు రోజులు నొప్పి వస్తుంది. మీలో చాలామందికి వస్తుందని హాస్టల్లో చూస్తూనే ఉన్నాను. ఆ రోజుల్లో గర్భసంచిలో ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు తయారై కండరాన్ని బిగిస్తాయి, అందుకే మెలిపెట్టినట్టు ఉంటుంది. వేడినీళ్ళ సంచికో ఒక మాత్రకో తగ్గి, మన పని మనల్ని చేసుకోనిస్తే భయపడక్కర్లేదు. కానీ నెల నెలా క్లాసు మానాల్సి వస్తే, ఏటేటా ఎక్కువవుతుంటే, ముట్టు లేని రోజుల్లో కూడా వస్తుంటే అది ఎండోమెట్రియోసిస్ కావచ్చు. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం అది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఇది దాదాపు పదిమందిలో ఒకరికి ఉంటుంది. అయినా కనిపెట్టడానికే ఏళ్ళు పడుతోంది, ‘ఆడపిల్లలకి మామూలే’ అని ఊరుకోవడం వల్ల. ఆ పొర గర్భసంచి గోడలోకే చొచ్చుకుపోతే అడినోమయోసిస్. అండాశయంలో నీటి బుడగలు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, పేగు బాధలు కూడా బొడ్డు కిందే నొప్పి తెస్తాయి. జ్వరంతో పాటు వాసన ఉన్న తెల్లబట్ట అయితే లోపల ఇన్‌ఫెక్షన్ ఉండొచ్చు. ఒక పక్క ఉన్నట్టుండి భరించలేని నొప్పి, వాంతులు వస్తే అండాశయం మెలిపడి ఉండొచ్చు, అపెండిక్స్ కావచ్చు. నెల తప్పి నొప్పితో కళ్ళు తిరిగితే గర్భం నాళంలో నిలిచి ఉండొచ్చు. ఇలాంటప్పుడు తెల్లారేదాకా ఆగకూడదు, 108కి ఫోన్ చేయాలి.

ఇవన్నీ మనం ‘కడుపు నొప్పి’ అనే ఒక్క మాటలో పెట్టేస్తాం. మిగతా మాటలు కూడా అంతే. తెలుగులో ‘బయట చేరింది’ అంటాం, తమిళంలో ‘వీట్టుక్కు దూరం’ అంటారు. రెండూ ఆడమనిషి ఎక్కడ కూర్చోవాలో చెబుతాయి. ఆమెకి ఎక్కడ నొప్పో చెప్పవు.

మేడమ్, ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవాలి. ఆ సెలవుల తర్వాత నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చి, లీవు లెటర్లో ‘జ్వరం’ అని రాశాను. అమ్మకి ఫైబ్రాయిడ్ అని రాయడానికి సిగ్గేసింది. నా నొప్పి రోజుల్లో రాసిన జ్వరాలు కూడా జ్వరాలు కావు. అమ్మని పట్టుకుని ఎందుకు చెప్పలేదని నిలదీసిన నేను చేస్తున్నది అదే పని. ఇకమీదట ఏ నొప్పి అయితే ఆ పేరే రాస్తాను.

మూడు నెలలు ఇంకా పూర్తి కాలేదు. ఏమవుతుందో తెలియదు. మొన్న ఆదివారం అమ్మ ఫోన్ చేసింది. వెనక అప్పా టీవీ చూస్తున్న చప్పుడు వినిపిస్తోంది. మామూలుగా అయితే అప్పా ఉన్నప్పుడు ‘నొప్పి తగ్గిందిలే’ అని పెట్టేసేది. ఈసారి క్యాలెండర్ చూసి చదివింది: ‘ఏడు రోజులు అయింది. రెండో రోజు, మూడో రోజు ఎక్కువ. మూడో రోజు రక్తం గడ్డలు రెండు. నాలుగో రోజు నుంచి లేవు. రాత్రి లేవలేదు.’ తర్వాత గొంతు తగ్గించకుండానే అడిగింది, ‘నీకు ఎట్లుంది పాపా, ఈ నెల?’