పెన్సిలు గీత

హైదరాబాదు అబిడ్స్‌లో ఆదివారం దుకాణాలు మూతపడగానే పేవ్‌మెంట్లు పుస్తకాలతో నిండిపోతాయి. చాలా ఏళ్ల క్రితం అలాంటి ఒక ఆదివారం, అట్ట చిరిగి, అంచులు చెదలు కొట్టిన ఒక ఇంగ్లీషు నవలను అక్కడ 20 రూపాయలకు కొన్నాను. అది విల్కీ కాలిన్స్ రచించిన 'ది మూన్‌స్టోన్'.

1868లో వెలువడిన ఈ నవలను ఇంగ్లీషు అపరాధ పరిశోధక నవలలకు ఆద్యమని ఎందరో భావిస్తారు. కథకు బీజం పడింది మన దేశంలోనే. 1799లో ఇంగ్లీషు సేనలు శ్రీరంగపట్నం కోటను పట్టుకున్నప్పుడు ఒక సైనికాధికారి పవిత్రమైన వజ్రాన్ని అపహరిస్తాడు. అది యార్క్‌షైర్‌లోని ఒక సంపన్నుల ఇంట పద్ధెనిమిదేళ్ల యువతికి పుట్టినరోజు కానుకగా చేరుతుంది. ఆ రాత్రే మాయమవుతుంది. పరిశోధనకు వచ్చిన సార్జెంట్ కఫ్‌కు గులాబీలంటే ప్రాణం. 1860లో ఇంగ్లండును కుదిపిన ఒక హత్య కేసును పరిశోధించిన జోనథన్ విచర్ ఈ పాత్రకు మూలమంటారు.

నా ప్రతిలో అంతకు ముందు చదివినవారెవరో అక్కడక్కడ పెన్సిలుతో గీతలు గీశారు. ఆ ఇంట్లో రోజన్నా స్పియర్మన్ అనే పనిమనిషి ఉంటుంది. గతంలో దొంగతనానికి శిక్ష అనుభవించిన స్త్రీ. ఆమె పేరు కింద లావుపాటి గీత, పక్కన తెలుగులో ఒక్క మాట: "ఈమే."

నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను. కాని కథ సగం కాకముందే రోజన్నా సముద్రతీరపు ఊబిలో ప్రాణం తీసుకుంటుంది. ఆమె దాచినది వజ్రాన్ని కాదు. ఆ పుట తర్వాత నా ప్రతిలో పెన్సిలు గీతలు లేవు.

ఆ రాత్రి నేనూ అక్కడే పుస్తకం మూశాను.

నేను కాలేజీలో చదివే రోజుల్లో మా అమ్మ ఉంగరం పోయింది. అమ్మ పనిమనిషిని దొంగ అనలేదు. "గది ఊడ్చింది నువ్వే కదా?" అని మాత్రం అడిగింది. "నేను చూడలేదమ్మగారూ" అన్నదామె. పక్కనే ఉన్న నేను, "ఇంకెవరూ ఆ గదిలోకి వెళ్లలేదు" అన్నాను. మర్నాటి నుంచి ఆమె పనిలోకి రాలేదు. రాకపోవడమే మాకు రుజువైపోయింది.

చలికాలం వచ్చి రగ్గులు దులుపుతుంటే ఒక మడతలోంచి ఉంగరం కిందపడింది. అమ్మ నన్ను వెంటనే ఆమె ఇంటికి పంపింది. ఆ గదికి తాళం వేసి ఉంది. బతుకు తెరువు కోసం వేరే ఊరు వెళ్లిపోయారని పక్కింటివారు చెప్పారు. ఏ ఊరో వారికీ తెలియదు. అమ్మ ఆ ఉంగరాన్ని మళ్లీ వేలికి పెట్టుకోలేదు.

నవలను మర్నాడు పూర్తి చేశాను. అసలు దొంగ ఎవరో ఇక్కడ చెప్పి, చదవబోయేవారి ఆనందాన్ని పాడుచేయను. ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అడిగిన మిత్రులకు ఇస్తాను; పెన్సిలు రాతను మాత్రం చెరపలేదు. తిరిగి ఇచ్చేటప్పుడు, "మొదట మీకు ఎవరిమీద అనుమానం కలిగింది?" అని అడుగుతాను. చాలామంది కాస్త తటపటాయించి, ఆ పనిమనిషి పేరే చెబుతారు.